తొమ్మిదో కుర్చీ

మా ఆయనకు ఊళ్ళో ఉన్న పేరు నునుపు మేస్త్రి. బల్ల చేసినా, కుర్చీ చేసినా, మంచం చేసినా పైన ఎంత నునుపో అడుగున కూడా అంతే నునుపు. ఎవరూ చూడని చోట, ఎవరి చెయ్యీ తగలని చోట గంటల తరబడి ఉప్పు కాగితం పెట్టి రుద్దుతూ కూర్చుంటాడు. కొనడానికి వచ్చినవాళ్ళు బల్ల కిందకి చెయ్యి పోనిచ్చి తడిమి చూసుకుని మురిసిపోతారు. ఎంత శ్రద్ధ, ఎంత పనితనం అని ఒకటే పొగడ్త. నేను పక్కన కూర్చుని పేము అల్లుకుంటూ మూతి తిప్పుకుంటాను. అది శ్రద్ధా కాదు, పాడూ కాదు. భయం. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా?

మా ఇంట్లో ముందు గదే పనిచోటు, అదే దుకాణం. ఆయన చట్రం చేస్తాడు, నేను దానికి పేముతో సీటు అల్లుతాను. ఇంటి నిండా రంపపు పొట్టు, అన్నంలో కూడా పొట్టు. ఇన్ని కుర్చీలు చేసే మనిషి ఒక్కదాంట్లోనూ కూర్చోడు. పీట మీద కూర్చుని తింటాడు. ఎందుకండీ అంటే అలవాటు అంటాడు.

మిగతా విషయాల్లో మాత్రం మాటకారే. కుర్చీ కాలు ఒక్కటి చూపిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెడతాడు. పూర్వం అందరికీ పీటలూ బెంచీలేనట. వీపు ఆనించుకునే కుర్చీ ఇంటికి ఒక్కటుంటే అది ఇంటి పెద్దది, మిగతావాళ్ళు నిలబడాల్సిందే. నేల ఎగుడుదిగుడుగా ఉండేది కాబట్టి ముక్కాలి పీటలు ఎక్కువ, మూడు కాళ్ళది ఎక్కడ పెట్టినా ఊగదు. తర్వాత లేత్ మీద తిప్పిన కాళ్ళు వచ్చాయి, బొంగరాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఆ తర్వాత వంపు కాళ్ళు. పైన మోకాలిలా ముందుకు ఉబ్బి, కిందకి వచ్చేసరికి సన్నబడి, చివర జంతువు పంజా ఒక బంతిని పట్టుకున్నట్టు ఉంటాయి. ఆ బరువుకి విసుగెత్తినవాళ్ళు సన్నటి నిలువు కాళ్ళు చేయించుకున్నారు. ఓడల మీద పేము వచ్చాక సీట్లు తేలికయ్యాయి. చివరికి కర్రని ఆవిరిలో మగ్గబెట్టి వంచి, మరలు బిగించి, ఫ్యాక్టరీలు వేలకి వేలు దించేసరికి చేతిపని మేస్త్రుల పని అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. ఎందుకని నేనోసారి అడిగాను. చేత్తో చేసిన కుర్చీకి కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ అచ్చు ఒకేలా ఉండవనీ, మనిషి చేతులూ అంతే కాబట్టి అందులో ఒళ్ళు ఇమిడిపోతుందనీ అన్నాడు. మహా చెప్పొచ్చారు అన్నాను గానీ, ఆ మాట నాకు నచ్చింది.

ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోరు పడిపోయేది. సభా హాలు కుర్చీల సంగతి.

మా ఇంటికి ఐదు వీధుల అవతల పాత సభా హాలు ఉంది. అందులో పన్నెండు కుర్చీలు, రెండు వందల ఏళ్ళ నాటివి. వంపు కాళ్ళు, పంజాలు, వీపు పలక మీద చెక్కిన ఆకు, పేము సీటు. వాటి మీద ఎవరూ కూర్చోరు, తాడు కట్టి ఉంచారు, జనం వచ్చి చూసి పోతారు. నేను పెళ్ళికి ముందే మా అమ్మతో వెళ్ళి వాటి సీట్లు అల్లేదాన్ని. ఆ ఆకు చెక్కడం కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టగలను. అదే నా కొంప ముంచింది.

పెళ్ళైన ఏడాదే, పేము కట్ట కోసం అటక ఎక్కాను. మూలన గోనెసంచిలో ఏదో చుట్టి ఉంది. విప్పితే వంపు కాళ్ళు, చట్రం కర్రలు, నిలువునా చీలిపోయిన వీపు పలక. దాని మీద ఆ ఆకు. హాల్లో పన్నెండూ ఉన్నాయి కదా, మరి ఇదేమిటి? అంటే అక్కడున్న వాటిలో ఒకటి దొంగది. కింద నిచ్చెన చప్పుడైంది. తల తిప్పితే మా ఆయన మొహం. నేను గోనెని చూశానో లేదో ఆయనకి తెలీదు. చూడలేదన్నట్టు పేము కట్ట అందుకుని దిగిపోయాను. ఆ రోజే అడిగేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. అడగలేదు. ఆయన అబద్ధం చెబుతాడని కాదు, నిజం చెబుతాడని భయం.

ఆ నిజం పూర్తిగా తెలిసింది ఈ మధ్యనే. అక్కడిదాకా ఆగకుండా ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీకు అర్థం కాదు.

మా ఆయన ఇరవై ఏళ్ళప్పుడు ఊళ్ళో పెద్ద మేస్త్రి దుకాణంలో పని నేర్చుకునేవాడు. పెద్ద మేస్త్రిది ఎడమచేతి వాటం, మాట తక్కువ. హాలు కుర్చీల్లో తొమ్మిదోది వీపు దగ్గర వదులైతే దుకాణానికి తెచ్చి, అతుకు మెల్లగా విప్పమని ఈయనకి అప్పగించి, కూతుర్ని చూడ్డానికి ఊరెళ్ళాడు. పాత జిగురు వేడినీళ్ళకి మెత్తబడుతుంది. గుడ్డ తడిపి కొంచెం కొంచెంగా పెట్టాలి, రోజులు పడుతుంది. ఈయనగారికి ఆత్రం. కాగే నీళ్ళు పోసి, తడిసిపోయిందని మళ్ళీ పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. రెండు వందల ఏళ్ళ కర్ర టప్పున చీలింది. దాన్ని ఊడదీయబోతే చట్రం కూడా విరిగింది.

పెద్ద మేస్త్రి వచ్చేదాకా పంతొమ్మిది రోజులు. ఈయన తిండి మానేసి, పాత దూలం ఒకటి కోసి, అచ్చం అలాంటి కుర్చీ ఇంకొకటి చేశాడు. కాళ్ళు, పంజాలు, ఆకు, అన్నీ. ఇరవై ఏళ్ళవాడు చేసిన పనంటే ఎవరూ నమ్మరు. కానీ ఒక తప్పు చేశాడు. ఎక్కడ దొరికిపోతానో అని వణికిపోతూ, అడుగుభాగం కూడా అద్దంలా నునుపు చేసేశాడు. పాతకాలపు మేస్త్రులు అలా చెయ్యరు. కనపడే చోట ప్రాణం పెడతారు, కనపడని చోట బాడిసతో చెక్కిన గరుకు అలాగే వదిలేస్తారు. ఆ సంగతి ఆయనకి తర్వాత ఎప్పుడో తెలిసింది. తెలిశాక తను చేసే ప్రతి వస్తువుకీ అడుగు నునుపు చెయ్యడం మొదలుపెట్టాడు, ఎప్పుడైనా ఎవరైనా ఆ కుర్చీ అడుగు చూసినా, బాగుచేసేటప్పుడు అలవాటుకొద్దీ రుద్దాడులే అనుకోవాలని. నునుపు మేస్త్రి అనే పేరు అలా వచ్చింది.

ఇంకొకటి కూడా దాచాడు. ఆ దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. పాత కుర్చీకి ఏ భాగం మార్చినా, చట్రం లోపలి అంచున, పేము కింద కనపడకుండా, ఉలితో ఒక గాటు పెట్టాలి. ముందు కర్ర మారిస్తే ముందు, వెనకది మారిస్తే వెనక. నాలుగు పక్కలా నాలుగు గాట్లు ఉంటే కుర్చీ మొత్తం కొత్తదని. తర్వాత విప్పే మేస్త్రి మోసపోకూడదని ఈ ఏర్పాటు. ఈయన ఒక్క గాటూ పెట్టలేదు. పెద్ద మేస్త్రి వచ్చాడు, చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏమీ అనలేదు. సీటు నేనే అల్లుకుంటానని లోపలికి తీసుకుపోయి తలుపేసుకున్నాడు. మర్నాడు కుర్చీ హాలుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెద్ద మేస్త్రి బతికింది రెండేళ్ళు. రోజూ దుకాణం కట్టేసేటప్పుడు, ఇంకేమైనా ఉందా నాన్నా అని అడిగేవాడట. ఈయన రోజూ ఏం లేదండి అనేవాడు.

ఇక నా సంగతి. పెళ్ళైన మూడేళ్ళకి హాలువాళ్ళు తొమ్మిదో కుర్చీ సీటు తెగిందని కబురు పెట్టారు. మా ఆయన ఆ కుర్చీని ముట్టుకోడు, ఏదో వంక చెప్పి తప్పించుకుంటాడు. నేనే హాలుకి వెళ్ళి, పాత పేము కోశాను. చట్రం లోపల నాలుగు పక్కలా నాలుగు గాట్లు. వాటి అర్థం మా అమ్మ ఎప్పుడో చెప్పింది, ఇవి మా ఆయనే పెట్టాడనుకున్నాను. దాచుకునేవాడు దాచుకోక, ఈ సత్యవంతుడు గాట్లెందుకు పెట్టినట్టు? ఎవరైనా పేము కోస్తే చాలు, మొత్తం కొత్తదని రాసిపెట్టినట్టే కదా. గబగబా అల్లి కప్పేశాను. ఆ రోజు నుంచి ఆ కుర్చీని ఇంకెవరి చేతా అల్లనివ్వలేదు.

తర్వాత మా తమ్ముడికి ఆ హాల్లోనే కాపలా ఉద్యోగం వచ్చింది. తాళాలు వాడి చేతిలో. స్వీట్లు పట్టుకుని వచ్చాడు వెర్రివెధవ. నాకు ఒక ముక్క కూడా మింగుడు పడలేదు. ఇదివరకు భయం ఒక్కడి కోసం, ఇప్పుడు ఇద్దరి కోసం. రెండోసారి సీటు అల్లాల్సి వచ్చినప్పుడు ఒక పని చేశాను. లక్క కరిగించి, అదే రంగు పొట్టు కలిపి, నాలుగు గాట్లూ పూడ్చేశాను. పైన పాలిష్ రుద్దాను. నా మొగుడి తప్పు నా చేత్తో కప్పేశానని ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాను. ఆయనకి చెప్పలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. మొన్న మా తమ్ముడు ఒక కాగితం పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. పాత కుర్చీల గురించి చదువుకున్న మేడమ్ ఒకావిడ వస్తోందట. పన్నెండిటినీ తిరగేసి, లోపలా బయటా చూసి, జాబితా రాస్తుందట. ఒక్కటి మారినా కాపలాదారే జవాబు చెప్పాలి, పోలీసులకి రాస్తారు. కుర్చీలు తిప్పడానికి బావ రావాలి, సీట్లు విప్పి అల్లడానికి అక్క రావాలి అన్నాడు. ఇంట్లోవాళ్ళమే ఉంటాం కదా అని వాడి ధీమా.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయన ఒకే పీటని నాలుగు రోజులు రుద్దాడు. ఎవరైనా గుమ్మం దగ్గర దగ్గితే ఉలి జారవిడిచేవాడు. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేవాడు. నాకు ఆయన మీద జాలి, కోపం, రెండూ. చెప్పండి, ఇప్పటికైనా చెప్పండి అని లోపల అరుచుకునేదాన్ని. పైకి మాత్రం పులుసు వడ్డించనా అనేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్ళినప్పుడు అటక ఎక్కి గోనె దింపాను, పొయ్యిలో పెట్టేద్దామని. చీలిన పలక తీసి మంట దాకా తీసుకెళ్ళాను. ఆకు ఈనెలు ఒక్కొక్కటీ వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. ఎవడో మహానుభావుడు ఎంత కూర్చుని చెక్కాడో. నా చెయ్యి రాలేదు. మళ్ళీ చుట్టి పైన పెట్టేశాను.

ఆ రోజు పొద్దున్నే ముగ్గురం హాల్లో ఉన్నాం. మేడమ్ సన్నగా, నెమ్మదిగా, నవ్వుతూ ఉంది. అలాంటివాళ్ళని చూస్తేనే నాకు దడ. నేల మీద దుప్పటి పరిపించి, ఒక్కో కుర్చీ బోర్లా పెట్టమంది. మా ఆయన తిప్పుతున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని అడుగు తడుముతోంది. మొదటిదానికి తల ఊపింది. మూడోదాని సీటు విప్పమంది, నేను కోశాను. లోపల ఒక గాటు కనపడితే, పాత మేస్త్రి ముందు కర్ర మార్చాడు, నిజాయితీపరుడు అని మెచ్చుకుని రాసుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది. మా ఆయన మెడ మీద చెమట ధారగా కారుతోంది. మా తమ్ముడు మాత్రం మంచినీళ్ళు కావాలా మేడమ్ అని హడావిడి పడుతున్నాడు.

తొమ్మిదోదాని కింద ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ తడిమింది. నవ్వు పోయింది.

ఇది నున్నగా ఉందేమిటి అని అడిగింది. టార్చి వేసి చూసింది. తాళాలు ఎన్నేళ్ళుగా నీ దగ్గరున్నాయి అని మా తమ్ముణ్ణి అడిగింది. ఇరవై రెండేళ్ళు అన్నాడు వాడు. ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా అంది. లేవన్నాడు. అసలు కుర్చీ ఎక్కడుంది అంది. వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ పట్టుకున్నాడు. నా వైపు చూసి అక్కా అన్నాడు, అంతే.

నేను మా ఆయన్ని చూశాను. నోరు తెరిచాడు, మూశాడు. ఇప్పుడు కూడా నోరు పెగలకపోతే ఈ మనిషితో ఇంక బతకను అనుకున్నాను.

"ఆ కుర్చీ నేను చేసిందమ్మా," అన్నాడు. "నలభై ఏళ్ళైంది. వాడికేం తెలీదు."

మొత్తం చెప్పాడు. కాగే నీళ్ళు, చీలిక, పంతొమ్మిది రోజులు. ముక్కలు అటక మీదున్నాయన్నాడు. నేను తీసుకొస్తాను అని లేచాను. ఆయన నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నాకు తెలుసని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఐదు వీధులు పరుగులాంటి నడకతో వెళ్ళి గోనె తెచ్చి మేడమ్ ముందు విప్పాను. ఇక గట్టెక్కాం అనుకున్నాను. ఆవిడ పలక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి నిట్టూర్చింది. ఇది మీకు మంచి చెయ్యదు అంది. హాలు వస్తువు మీ ఇంట్లో దొరికింది. చేసినవాడు బావ, తాళాలు బామ్మర్దివి. నలభై ఏళ్ళ కిందట విరిగిందనడానికి సాక్ష్యమేది? దుకాణం పద్ధతి ప్రకారం గాట్లు పెట్టి ఉంటే ఒప్పుకునేదాన్ని అంది. మా ఆయన తల దించుకుని, పెట్టలేదమ్మా, భయపడ్డాను అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెట్టారు," అన్నాను. "ఎందుకు లేదంటారు? నా కళ్ళతో చూశాను."

కత్తి తీసి నేను అల్లిన సీటు నేనే పరపరా కోసేశాను. చట్రం లోపల నున్నగా ఉంది, ఏమీ లేదు. మేడమ్ నన్ను జాలిగా చూసింది. నేను పేము అల్లే నా పొడవాటి సూది తీసి, లోపలి అంచున గీకడం మొదలుపెట్టాను. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. లక్క పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ముందు ఒక గాటు, వెనక ఒకటి, పక్కన ఒకటి, ఇంకో పక్కన ఒకటి. పూడ్చింది నేనేనమ్మా, ఆయన పెట్టిన గాట్లు దొరికిపోతే ప్రమాదమని పూడ్చాను అన్నాను.

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలితో గాటుని తడిమాడు. ఒకసారి కాదు, నాలుగింటినీ.

"ఇవి నావి కావే," అన్నాడు మెల్లగా. "ఎడమకి వాలాయి చూడు. పెద్ద మేస్త్రివి."

మేడమ్ మూడో కుర్చీ దగ్గరికి వెళ్ళి టార్చి వేసింది, మళ్ళీ ఇక్కడికి వచ్చింది. అదే వాలు, అదే లోతు. ఎడమచేతివాడి ఉలి. ఆయన పోయి ముప్పై ఎనిమిదేళ్ళని ఊరంతటికీ తెలుసు. ఇతని చేతికి తాళాలు రాకముందే, పెద్ద మేస్త్రి బతికుండగానే మొత్తం కొత్తదని ఆ దుకాణం ఒప్పుకున్నట్టే అంది. పుస్తకంలో ఏదో కొట్టేసి, ఇంకేదో రాసింది. మా తమ్ముడు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఈ కుర్చీ చేశారా మేస్త్రిగారూ అని ఆవిడ అడిగింది. ఆయన వినిపించుకోలేదు.

"ఈ గాట్లు మొదటిసారి ఎప్పుడు చూశావు?" అని నన్ను అడిగాడు.

ముప్పై మూడేళ్ళ కిందట అని చెప్పాను. ఆయన ఏదో లెక్కేసుకున్నట్టు వేళ్ళు కదిపి, ఆపేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి, బోర్లా ఉన్న కుర్చీని తిప్పి నిలబెట్టాడు. సీటు నేను కోసేశాను కదా, కూర్చోవడానికి వీల్లేదు. వీపు పలక మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నాడు, పెద్ద మేస్త్రికి మొదటి రోజే తెలుసన్నమాట, రెండేళ్ళు రోజూ అడిగాడు, నేనే చెప్పలేదు అని. ఆ గాట్లు చూసిన రోజే నేను చెప్పి ఉంటే మీకు ఇన్నేళ్ళు ఈ బాధ ఉండేది కాదు అన్నాను. ఏడుపొచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

అన్నాలు తిన్నాక పీట మీద నుంచి లేవకుండా నన్నే చూస్తూ అడిగాడు.

"ఇంకేమైనా ఉందా?"

ఏం లేదండి అన్నాను. నిజంగానే ఏమీ లేదు. కానీ ఆయన చాలాసేపు అలాగే చూశాడు. అప్పటినుంచి రోజూ దుకాణం కట్టేసేటప్పుడు అడుగుతున్నాడు. రోజూ అదే చెబుతున్నాను. ఆయన నమ్ముతున్నాడో లేదో తెలీదు. సాయంత్రమవుతుంటే నాకు భయంగా ఉంటోంది.